కరెంటు పోయినప్పటి చాయ్

ఈ మాటలు రాయడం మొదలుపెట్టిన రోజు మా ఇంట్లో కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మొదటిసారి లేచి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపాను. రెండోసారి లేవలేదు, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను తిరగడం మొదలవగానే గుండె దడదడలాడింది, కాసేపటికి తగ్గింది. ఓస్ ఇంతేనా అంటారేమో. ఇంతదాకా రావడానికి నాకు దాదాపు మూడేళ్లు పట్టింది.

నా పేరు వేణు. మాది సిరిసిల్ల. మా ఊళ్లో పవర్‌లూమ్‌ని సాంచ అంటారు. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దవాడైన మా అన్న రాజేశం నన్ను సాకాడు, పని నేర్పాడు, పక్క సాంచ మీదే నిలబెట్టుకున్నాడు. పన్నెండేళ్లు అలా పక్కపక్కనే పనిచేశాం. నా జబ్బు సంగతి అర్థం కావాలంటే ముందు మా షెడ్డు అలవాటు ఒకటి చెప్పాలి.

సాంచెలు నడుస్తున్నంతసేపు పక్కనున్నవాడి మాట వినబడదు. రోజంతా చేతి సైగలతోనే బతకాలి. అందుకే కరెంటు పోతే మాకు పండగ. అందరం బయట అరుగు మీదికి చేరి చాయ్ తాగేవాళ్లం, పొద్దుటినుంచి కడుపులో దాచుకున్న మాటలన్నీ అప్పుడే కక్కేవాళ్లం. కానీ మెయిన్ స్విచ్ మాత్రం ఎవరమూ ఆపేవాళ్లం కాదు. ఆపేస్తే కరెంటు వచ్చిన సంగతి ఎలా తెలుస్తుంది? లోపల సాంచెలు వాటంతటవే టకటకమంటే, ఆహా వచ్చింది అని గ్లాసులు కిందపెట్టి లేచేవాళ్లం. అది తప్పని షెడ్డు సేటుకూ తెలుసు, మాకూ తెలుసు. 'కరెంటు పోతే మెయిన్ ఆపవలెను' అని గోడ మీద ఎర్ర రంగుతో రాసి కూడా ఉంది. దాని కింది మేకులకే మా చొక్కాలు తగిలించుకునేవాళ్లం.

మూడేళ్ల కిందట, వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరం బయటికి వచ్చాం. అన్న సగం చాయ్ తాగి గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"బెల్టు జారుతున్నదిరా పొద్దటి సంది. కరెంటు లేనప్పుడే సరిజేసుకొనత్త" అన్నాడు.

లోపలికి పోతుంటే అన్న మెడలో తువ్వాల ఉంది. నేను చూశాను. మెయిన్ ఆపలేదని కూడా నాకు గుర్తొచ్చింది. స్విచ్ నేను కూర్చున్నచోటి నుంచి నాలుగడుగులు. నా గ్లాసులో ఇంకా సగం చాయ్ ఉంది. తాగి లేద్దాంలే అనుకున్నాను.

కరెంటు వచ్చింది. ఎనిమిది సాంచెలూ ఒక్కసారే లేచాయి. అందులో ఒకదాని చప్పుడు వేరుగా ఉంది. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయను. తర్వాత జగిత్యాల ఆసుపత్రిలో నాచేత మాట్లాడించిన మేడం ఒక్కరికే మొత్తం చెప్పాను, అది చాలు.

*

అన్న దినాలు అయ్యేదాకా నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే, ఏడవలేదు, వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను, వంటవాళ్లతో మాట్లాడాను. "వేణు గట్టిగున్నడు" అన్నారు చుట్టాలు. మా వదినె సుజాత మాత్రం నన్ను చూసినప్పుడల్లా ఏదో అడగబోయి ఊరుకునేది. వాళ్ల పాప అక్షరకు అప్పటికి నాలుగేళ్లు. కుర్చీల మధ్య దాగుడుమూతలు ఆడుకుంది.

పదమూడో రోజు పనికి పోదామని బయలుదేరాను. సిరిసిల్లలో సాంచెల చప్పుడు లేని గల్లీ ఎక్కడుంది? మూడు ఇళ్లు దాటేసరికి కాళ్లు చచ్చుబడ్డాయి. ఎవరి ఇంటి ముందో కూర్చుండిపోయాను. ఆ చప్పుడులో నాకు ఆ వేరే చప్పుడు వినబడుతూనే ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నెల తిరగకముందే కోరుట్ల నుంచి మా అక్క భాగ్య వచ్చి నన్ను తన వెంట తీసుకుపోయింది. వదినె గడప దగ్గర నిలబడి "పోతున్నవా?" అని ఒక్కమాట అడిగింది. నేను తలదించుకుని ఆటో ఎక్కాను. ఇంత జబ్బులోనూ నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది అదే.

*

కోరుట్లలో మొదటి చలికాలం. బావ మస్కట్‌లో ఉంటాడు. అక్క ఇద్దరు పిల్లలను చూసుకుంటూ బీడీలు చేస్తుంది. ఆ ఇంట్లో సాంచ లేదు, బీడీ ఆకు కత్తిరించే చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. ఇక నిదానమవుతుందనుకున్నాం.

అక్కడ కొత్తది పట్టుకుంది. కరెంటు పోగానే లేచి ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేవాణ్ణి. ఫ్యాను, ఫ్రిజ్, టీవీ, చివరికి మెయిన్. కరెంటు వచ్చినా మళ్లీ వేయనిచ్చేవాణ్ణి కాదు. ఒక్కొక్కటిగా చేత్తో తడిమి, వెనక ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు వేయాలి. పిల్లలు ఫ్యాను దగ్గరికి పోతే అరిచేవాణ్ణి. మెడకు తువ్వాల వేసుకుని పాలు పోయడానికి వచ్చిన పెద్దమనిషి మీదికి ఒకరోజు ఉరికి ఆ తువ్వాల గుంజి పారేశాను. పాపం ఆయన క్యాను వదిలేసి పరుగెత్తాడు. ఆ వీధిలో నాకు పేరు వచ్చేసింది.

ఎండాకాలం వచ్చేసరికి అక్క సహనం అయిపోయింది. ఒకరోజు ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, పైన ట్యాంకులో నీళ్లు లేవు, పెద్దపిల్లకు పరీక్షలు. కరెంటు వచ్చి గంటైనా నేను మెయిన్ దగ్గర కాపలా ఉన్నాను.

"తమ్మీ, జరుగు. పిల్లలు చెమటల్ల తడిసి ముద్దయితున్నరు."

"ఆగక్కా, ఇంకొంచెంసేపు."

"ఏం ఆగాల్నిరా? ఎవ్వలున్నరు లోపట? అన్న పోయిండు, గిప్పుడు నువ్వు మమ్ముల గూడ బతకనియ్యవా?"

అనేసి అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్న ఆమెకూ తోడబుట్టినవాడే కదా. తన ఏడుపు తాను ఏడవడానికి ఆమెకు నేను ఒక్కరోజు కూడా ఇవ్వలేదు.

అంతకుముందే గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. కొండగట్టుకు తీసుకుపోయింది. అంజన్న గుడి దగ్గర నాకు కొంత హాయిగానే అనిపించింది, అబద్ధమెందుకు? కానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఇంజను ఆగి మళ్లీ మొదలైనప్పుడు నేను సీటు కింద దూరాను. ఆ పరీక్షల గొడవ తర్వాత, అక్కకు తెలిసిన నర్సమ్మ ఒకామె చెప్పింది: "గిది గాలి గాదు, భయం పట్టుకున్న జబ్బు. జగిత్యాల పెద్దాసుపత్రికి తోల్కపో."

*

జగిత్యాలలో మానసిక వైద్యం గది చివరి వసారాలో ఉంది. పేరు రాసే చోట ఏం జబ్బని అడిగితే అక్క "తలనొప్పి" అని రాయించింది. పక్క బెంచీ మీద రాయికల్ నుంచి వచ్చిన ముసలమ్మ "మా పిలగానిది గూడ తలనొప్పే" అంది. ఆ వరసలో అందరిదీ తలనొప్పే. మొదటిరోజు మాకు నవ్వు వచ్చింది అక్కడొక్కసారే.

నన్ను భయపెట్టింది అక్కడి జనరేటర్. కిటికీ వెనకే ఉంటుంది. కరెంటు పోయిన నిమిషానికి గర్రుమని లేస్తుంది. మొదటిసారి అది లేచినప్పుడు నేను వసారా దాటి, గేటు దాటి, రోడ్డు మీదికి వచ్చేశాను. పండ్ల బండి పక్కన నిలబడి ఒగరుస్తుంటే ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన, యాభై ఏళ్లుంటాయి, నా చెప్పులు చేతపట్టుకుని వచ్చాడు.

"రోడ్డు కాలుతున్నది, తొడుక్కో అన్నా" అని కాళ్ల దగ్గర పెట్టాడు. ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ, కరెంటు పోతే ముందు నా దగ్గరికి వచ్చి "జనరేటర్ ఏత్తున్న అన్నా" అని చెప్పి, నేను తల ఊపాక వెళ్లి వేసేవాడు. ఆసుపత్రి మొత్తం నా తల ఊపు కోసం ఆగేది. ఆయన పేరు నేను ఇప్పటికీ అడగలేదు.

డాక్టరు బిళ్లలు రాసి, మాట్లాడించే మేడం దగ్గరికి పంపాడు. మేడం అంటే ముప్పై ఐదేళ్ల మనిషి, మా వైపు మాటే. ఆ రోజు సంగతి చెప్పమంటుందని పళ్లు బిగించుకుని కూర్చున్నాను. ఆమె అది అడగలేదు.

"మీ అన్నతోని మంచిగనిపించిన రోజు ఒకటి చెప్పుండ్రి" అంది.

నాకు కోపం వచ్చింది. అన్న పోయి నేను చస్తుంటే మంచి రోజట. అయినా అడిగింది కదా అని అన్న పెళ్లి చెప్పాను. బ్యాండు, పూలు, అన్న గుర్రమెక్కడం. మేడం కళ్లు మూసుకుని చెప్పమంది. ఏ వాసన వస్తోంది, చేతిలో ఏముంది, మీరు ఎక్కడ నిలబడ్డారు అని అడిగింది. నాకు ఒక్కటీ తెలియలేదు. పెళ్లిరోజంతా నేను వంటల దగ్గర గిన్నెలు మోస్తున్నాను. గుర్రమెక్కడం నేను చూసింది పెళ్లి వీడియోలో.

"అది క్యాసెట్ల ఉన్నది. మీరు ఉన్నది చెప్పుండ్రి" అంది మేడం. "పెద్దదేం అక్కర్లేదు. చిన్నదే."

దేనికి ఇదంతా అని అడిగేశాను. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మటుకు రాస్తాను. ఆ ఒక్క రోజు నా లోపల ఇల్లంతా ఆక్రమించుకుని కూర్చుంది. అన్నను తలచుకుంటే ఆ రోజే వస్తుందని భయపడి, అన్నను తలచుకోవడమే మానేశాను. దాంతో మిగిలిన పన్నెండేళ్ల అన్న కూడా తాళం పడి ఉన్నాడు. మంచి జ్ఞాపకం చెడ్డదాన్ని చెరపదు. ఇంట్లో ఇంకో అర్ర ఉందని గుర్తుచేస్తుంది. అక్కడ కాసేపు నిలబడగలిగితే, ఆ రోజు సంగతి మాట్లాడటానికి కాళ్లలో బలం వస్తుంది.

*

విషయం ఎక్కడ చిక్కుపడిందో రెండో వానాకాలంలో తెలిసింది. వారానికోసారి కోరుట్ల నుంచి బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఏ జ్ఞాపకం పట్టుకున్నా సగంలో తెగిపోయేది. మేడం ఓపిగ్గా అడిగీ అడిగీ చివరికి నాచేత చెప్పించింది. అన్నతో నాకున్న మంచి జ్ఞాపకాలన్నీ కరెంటు పోయినప్పటివే. షెడ్డులో మేమిద్దరం మాట్లాడుకున్నది అప్పుడే కదా, నవ్వుకున్నది అప్పుడే కదా. చాయ్ గ్లాసు చేతికి రాగానే నా ఒళ్లు బిగుసుకునేది. కరెంటు వస్తుంది, వచ్చేస్తుంది అని.

ఆ రోజు ఆమె ముందు మొదటిసారి ఏడ్చాను. అన్నను నేను చంపుకున్నది కూడా నా మంచి రోజుల్లోనే అని ఏడ్చాను. ఆమె నీళ్లిచ్చి, నేను ఆగేదాకా ఆగింది.

"కరెంటు రాకముందే ఆపుదాం" అంది తర్వాత. "చాయ్ అయిపోయేదాక ఉందాం. కరెంటు వచ్చే ముచ్చట ఇయ్యాల్ల మనకొద్దు."

అలా ఒకటి దొరికింది. అక్షర పుట్టిన నెలరోజులకు జరిగింది. అన్న సాంచ దగ్గర పాటలు పాడేవాడు. ఆ చప్పుడులో ఎవరికీ వినబడదని తన ధీమా. గొంతు మాత్రం దేవుడే కాపాడాలి. పెదవులు కదలడం నాకు కనబడేది, అంతే. ఆ రోజు పాట మధ్యలో ఉండగా టక్కున కరెంటు పోయింది. ఎనిమిది సాంచెలూ ఆగిపోయాయి. షెడ్డంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా అన్న ఒక్కడే గొంతు చించుకుంటున్నాడు:

"చిన్నమ్మకు చీర నేత్త
చిటికెడంత చీర నేత్త
కొంగు మీద ఏమి నేత్త
కోడిపిల్లను నేత్త చిన్నీ..."

అందరూ తిరిగి చూశారు. ఇంకెవడైనా అయితే సిగ్గుతో చచ్చిపోయేవాడు. అన్న ఒక్క క్షణం ఆగి, మా అందరి వంక చూసి, "ఏంది? అయిపోలే ఇంక" అని మిగిలిన పాట కూడా పూర్తిచేశాడు. బిడ్డ కోసం తనే కట్టుకున్న పాట. నవ్వి నవ్వి నేను అరుగు మీద పడిపోయాను. నా చాయ్ ఒలికితే తన గ్లాసులోంచి సగం నా గ్లాసులో పోశాడు. అల్లం వాసన, వాన పడి తడిసిన నూలు మూటల వాసన. నా భుజం మీద నూనె అంటిన అన్న చెయ్యి.

ఇదంతా మేడంకు చెప్పి కళ్లు తెరిచేసరికి నా మొహం మీద నవ్వు ఉందట. నాకు తెలియలేదు. "ఆ పాటప్పుడు మీరు ఎట్లాంటి తమ్ముడు?" అని అడిగింది. అన్న తన చాయ్ పోసి ఇచ్చే తమ్ముణ్ణి అన్నాను.

ఇక బాగైపోయిందని అనుకోకండి. ఇంటికి వచ్చాక ఆ పాటే నన్ను వారం రోజులు కుమిలేలా చేసింది. పోయిన మనిషి ఎలాంటివాడో గుర్తొస్తే దుఃఖం తగ్గుతుందా, పెరుగుతుందా? నాకు పెరిగింది. అయితే ఈ దుఃఖం వేరు. దీంట్లో అన్న ఉన్నాడు. ముందటి దాంట్లో ఒక చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ చలికాలమంతా అలాంటివి ఇంకో అయిదారు వెదికి పట్టుకున్నాం. కొన్నింటిలో మేడం కరెంటును కూడా రానిచ్చింది. వచ్చింది, మేం లేచాం, పనిలోకి పోయాం. ఏమీ కాలేదు. అలా ఎన్ని వందలసార్లు కరెంటు వచ్చి ఏమీ కాలేదో అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే, ఒక్కో నిమిషం చొప్పున, ఆ మధ్యాహ్నం సంగతి చెప్పగలిగాను. నాలుగడుగుల సంగతి కూడా.

"గిది నాకు చెప్పిండ్రు. ఇంకెవ్వరికన్న చెప్పాల్సింది ఉన్నదా?" అంది మేడం.

*

పోయిన ఎండాకాలం సిరిసిల్ల వెళ్లాను. గల్లీలో చప్పుడు అలాగే ఉంది. చెవుల్లో దూది పెట్టుకుని, ఇంటికి ఇన్ని అడుగులని లెక్కపెట్టుకుంటూ నడిచాను. వదినె వాకిట్లో నూలు కండెలు చుడుతోంది. వెంట్రుకలు నెరిశాయి. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. మెయిన్ ఆపలేదు వదినె, నాకు యాదికొచ్చింది, సగం చాయ్ ఉన్నదని లేవలే, అని.

ఆమె చెయ్యి ఆగలేదు. ఆ కండె నిండేదాకా చుట్టింది. తర్వాత మాట్లాడింది.

"నాకు ఎరుకనే. షెడ్డోళ్లందరు ఎవ్వని మాట వాడు చెప్పుకున్నరు. నువ్వొక్కనివే చెప్పలే. చెప్తవేమోనని గిన్నొద్దుల సంది చూస్తున్న."

"తప్పు నాదే వదినె."

"తప్పు లేదని నేననను. ఉన్నది. నీది ఉన్నది, ఆయినెది ఉన్నది, గా షెడ్డుల మెయిన్ ఆపని ప్రతొక్కనిది ఉన్నది. కని నాకు గందుకు కోపం లేదు. పిల్లను, నన్ను ఇడిసి ఎట్ల పోయినవు? పిల్ల బాపు ఎట్లుంటుండె అని అడుగుతది. నాకేమెరుక? పొద్దుందాక షెడ్డుల ఉన్నోడు. ఇంటికచ్చి తిని పంటుండె. ఆయినె ముచ్చట్లన్నీ నీ దగ్గరున్నయి. నువ్వు కోరుట్లల దాసుకొని కూసున్నవు."

అన్న పోయి నేను ఒంటరినయ్యానని అనుకున్నాను. ఆ పసిదానికి రావలసిన తండ్రిని కూడా నేనే కట్టుకుపోయానని అప్పటిదాకా నాకు తోచలేదు. వదినె లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. మాటలు మాత్రం ఇంకా పొడిగానే ఉన్నాయి మా మధ్య, ఇప్పటికీ.

ఆ వానాకాలం నుంచి మళ్లీ సిరిసిల్లలోనే ఉంటున్నాను. సాంచ మీద నిలబడలేను, ఆ ఆశ వదిలేశాను. ఒక బట్టల దుకాణంలో కుదిరాను. పాత షెడ్డుకు మాత్రం ఒకసారి వెళ్లి, లోపలికి పోకుండా, గుమ్మంలోంచే అందరికీ వినబడేలా అరిచాను: చాయ్‌కి పోయే ముందు మెయిన్ ఆపుండ్రిరా అని. కరెంటు వచ్చినట్టు తెలియడానికి వీధిలో ఇంకెన్ని చప్పుళ్లు లేవు! చదివేవాళ్లలో సాంచెలవాళ్లుంటే మీకూ అదే చెబుతున్నాను, తిట్టుకున్నా పరవాలేదు. మా అక్కలాగా నాలాంటివాణ్ణి ఒక్కతే మోస్తున్న తల్లి ఎవరైనా ఉంటే, తలనొప్పి అని రాయించైనా సరే, ఆసుపత్రికి తీసుకుపోవమ్మా.

బతుకమ్మ పండగ దాటిన వారం, ఒక సాయంత్రం కరెంటు పోయింది. అక్షర నేనుంటున్న అద్దె గదికి వచ్చి ఉంది. ఏడేళ్లు ఇప్పుడు. నేను లేచి మెయిన్ ఆపి వచ్చాను. అది నన్ను వింతగా చూసి, పక్కన కూర్చుంది.

"చిన్నబాపూ, బాపు ముచ్చట ఒకటి చెప్పవా? అమ్మ నీకే ఎరుక అన్నది."

చెప్పాను. సాంచెల చప్పుడు, కరెంటు పోవడం, బాపు పాట, అందరూ తిరిగి చూడటం. పాట పాడి వినిపించాను. నా గొంతు అన్న గొంతుకేమీ తీసిపోదు. కోడిపిల్ల దగ్గరికి వచ్చేసరికి అది పొట్ట పట్టుకుని నవ్వింది. అచ్చం అన్న నవ్వే. పిల్లను తీసుకుపోదామని వచ్చిన వదినె గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు, పోలేదు.

"మరి తర్వాత ఏమైంది?" అంది అక్షర.

మేడం దగ్గర ఎన్నోసార్లు దాటిన చోటే. అయినా ఈ పిల్ల ముందు దాటడం వేరు.

"తర్వాత కరెంటొచ్చింది బిడ్డా. అందరం లోపటికి పోయినం."

"అయ్యో. మళ్ల పాట ఇనబడలేదా?"

"ఇనబడలే. కని మీ బాపు ఆపలే. నేను పక్క సాంచ మీదినుంచి చూస్తనే ఉన్న. పెదవులు కదులుతనే ఉన్నయి."